పిడుగు వినే ఫోను

"దిగు వదినా! గొర్రెల్ని తోలుకోని వంకలోకి దిగు!"

ఆడబిడ్డ అరుపుకు హనుమక్క చేతిలోని సద్ది ముద్ద జారి బండ మీద పడింది. తలెత్తి చూసింది. మబ్బు ఉన్న మాట నిజమే గానీ అది ఇంకా పడమటి గుట్టల అవతలే ఉంది. ఇక్కడ ఎండ కాస్తోంది. చినుకు లేదు, ఉరుము లేదు. నాగవేణి చేతిలోని ఫోను మాత్రం కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుర్రుచుర్రుమంటోంది.

"ఏమైంది తల్లీ నీకు? ఇంత ఎండలో..."

"తర్వాత చెప్తా, పా!"

హనుమక్క విసుక్కుంటూనే కట్టె తీసుకుని లేచింది. ఆమె గుట్ట కింది వాగువంక దిక్కు నడిస్తే మంద తనంతట తానే వెంట పడింది. చివరి గొర్రె దిగి, హనుమక్క "చదువుకున్నోళ్లకు భయం ఎక్కువ" అని ఎగతాళి మొదలుపెట్టేసరికి గుట్ట నెత్తిన తెల్లగా మెరిసింది. చెవులు దిమ్మెక్కిపోయాయి. కళ్లు తెరిచి చూస్తే, ఇందాక వాళ్లు కూర్చున్న బండ పక్కనున్న ఈతచెట్టు నిలువునా చీలి పొగలు కక్కుతోంది.

హనుమక్క కట్టెను రెండు చేతులా పట్టుకుని అట్లాగే కూలబడింది. నాగవేణి బురదలో గంతులు వేస్తోంది.

"వినింది వదినా! ఫోను వినింది! పిడుగు పడకముందే వినింది!"

"సచ్చి బతికినాం, నువ్వు చిందులేస్తాండావే!" అంది హనుమక్క. అన్నాక ఆమెకూ నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, గొర్రెల మధ్యన, నవ్వూ ఏడుపూ కలిసిపోయేటట్టు ఊగిపోయారు.

నాగవేణిది గొర్రెల కాపరుల కుటుంబం. రాయదుర్గానికి పడమరగా ఉన్న కరిగానిపల్లి వాళ్లది. అన్న వన్నూరప్ప, వదిన హనుమక్క ఇప్పటికీ మంద వెంటే తిరుగుతారు. తను చదువుకుని టౌన్లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. ఏటా వేసవి చివర ఉరుముల వానలకు ఆ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట పిడుగు పడి కాపరులు పోవడం, నాలుగు రోజులు ఊరంతా బాధపడి మళ్లీ అదే గుట్ట ఎక్కడం ఆమె చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంది.

మబ్బు కమ్మినప్పుడు నేల ఊరికే ఉండదని ఆమెకు తెలుసు. గడ్డిపరకల కొసల నుంచి, ముళ్ల కొసల నుంచి, గొర్రె కొమ్ముల నుంచి కూడా కంటికి కనపడని కరెంటు కొంచెం కొంచెంగా పైకి కారుతుంది. కారుతూ గొణుగుతుంది. ఆ గొణుగుడు మన చెవికి అందదు, రేడియోకి అందుతుంది. ఫోను కూడా ఒక రేడియోనే కదా అన్న ఆలోచన రావడమే ఆలస్యం, నాగవేణి కంప్యూటర్ విభాగంలోని దిల్షాద్ దగ్గరికి పరుగెత్తింది.

దిల్షాద్ ఆ కాలేజీలో అందరికంటే పెద్దావిడ. తల నెరిసినా కొత్త యంత్రం కనబడితే మాత్రం కళ్లు మెరుస్తాయి. ఇద్దరూ కలిసి గడ్డిదుబ్బును పెళ్లగించి తెచ్చి ల్యాబులో బల్ల మీద పెట్టారు. దాని పైన రేకు కట్టి, రేకుకి కరెంటు ఎక్కించారు. కిటికీలు మూసేస్తే గడ్డి కొసల మీద నీలంగా, మినుకు మినుకుమంటూ వెలుగు కనిపించింది. పక్కనే పెట్టిన ఫోను మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

"వినబడక కాదు వేణీ," అంది దిల్షాద్, ఫోను లోపలి సంగతులు తెర మీద చదువుతూ. "వింటాంది. విని, ఇది మనిషి మాట కాదు, చెత్త అని పారేస్తాంది. పారేసే చోటుకి కంపెనీవోళ్లు తాళమేసినారు."

"తీయలేవా అక్కా?"

దిల్షాద్ కళ్లద్దాలు సర్దుకుంది. "తీయలేనని ఎప్పుడన్నా అన్యానా?"

తాళం తీయడానికి ఆమెకి ఎండాకాలం సెలవులన్నీ పట్టాయి. తీసిన రోజున గడ్డిదుబ్బు ముందు ఫోను మొదటిసారి చుర్రుమంటే ఇద్దరూ కుర్చీల్లోంచి ఎగిరి లేచారు. దిల్షాద్ "యా అల్లా!" అంటూ నాగవేణి చెవులు పట్టుకుని గుంజింది. ఆ ఫోనునే నాగవేణి గుట్ట మీదికి తీసుకుపోయింది.

అయితే దాంట్లో ఒక చిక్కుంది. ఆ కాలానికి ఫోను అమ్మేదీ సిగ్నల్ ఇచ్చేదీ ఒకే కంపెనీ. దాని పేరు నిరంతర. ప్రతి ఫోనూ టవరుకి తగిలినప్పుడల్లా 'నన్నెవరూ ముట్టుకోలేదు, నేను మారలేదు' అని రుజువు చూపించుకోవాలి. మారిన ఫోనుని టవరు గడప తొక్కనివ్వదు. తాళం తీసిన ఫోను పిడుగుని వింటుంది గానీ, దాంట్లోంచి ఎవరికీ మాట్లాడలేరు.

ఈ సంగతి నాగవేణి కాపరులకి దాచకుండానే చెప్పింది. ఈతచెట్టు కాలిన కథ అప్పటికే హనుమక్క ఊరూరా చెప్పేసింది. "మాటల్దేముంది, బతికుంటే ఇంటికొచ్చి మాట్లాడుకుంటాం" అని జనం నవ్వుతూ ఫోన్లు ఇచ్చారు. అందరికంటే ముందు ఇచ్చింది హనుమక్కే. దిల్షాద్ ల్యాబు ముందు తిరునాళ్లలా చెప్పులు పోగుపడ్డాయి.

ఇంట్లో మాత్రం వాతావరణం వేరుగా ఉంది. నాగవేణి భర్త ఎర్రిస్వామి ఆమె మేనమామ కొడుకే. నిరంతరలోనే టవర్ల ఇంజనీరు. ఒక ఆదివారం అన్నం ముందు కూర్చుని కంచం వైపు చూడకుండా అన్నాడు.

"మా టవర్ల కింద మారిన ఫోన్లు కుప్పలుగా కనిపిస్తాండాయంట. ఎవరు మారుస్తాండారో కనుక్కోమని పైనుంచి నాకే చెప్పినారు."

"కనుక్కున్నావా బావా?"

"కనుక్కునేదేముంది, అన్నం వడ్డిస్తాంది."

నాగవేణి నవ్వింది. అతను నవ్వలేదు. "నువ్వు చేసేది తప్పని అనను. కానీ నా చేత్తోనే వాటిని కోయిస్తారు వేణీ. ఈసారి టవరు రానివ్వకపోవడం కాదు. ఫోనే ఇంక దేనికీ పనికిరాని ఇటుకైపోతుంది."

"ఇంకొన్నాళ్లు ఆపు. ఈ వానలు దాటిపోనీ."

అతను ఆపాడు. ఏవో సాకులు చెప్పి ఆపాడు. ఆ వానల్లో కరిగానిపల్లి చుట్టుపక్కల ఒక్క మనిషి కూడా పోలేదు. ఫోన్లు చుర్రుమన్నప్పుడల్లా గుట్టల మీద మందలు ధాన్యం రాశి జారినట్టు వంకల్లోకి జారేవి. నాగవేణి ఆ సంబరంలో తిండీ నిద్రా మరిచిపోయింది.

ఆ సంబరం హనుమక్క కాలు విరిగిన రోజున ఆగింది.

ఆ రోజూ ఫోను ముందే చెప్పింది. ఆ రోజూ మంద క్షేమంగా దిగింది. దిగేటప్పుడు తడిసిన బండ మీద హనుమక్క కాలు జారింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. పిడుగులు గుట్ట మీద ఒకదాని వెనక ఒకటి పడుతుంటే వంకలో బురదలో పడి ఉండి ఫోను తీసింది. మొగుడికి నొక్కింది. అంబులెన్సుకి నొక్కింది. 'ఈ ఫోనుకు గుర్తింపు లేదు' అన్న ఒకే మాట ఎన్నిసార్లు నొక్కినా. గొంతు పోయేదాకా అరిచింది. పొద్దు వాలాక మంద ఆమె లేకుండా ఊరికి చేరితే అప్పుడు వన్నూరప్ప వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి కాలు గుమ్మడికాయంత ఉబ్బిపోయింది. ఎముక సరిగా అతకదనీ, ఇక కుంటి నడకేననీ డాక్టరు చెప్పాడు.

ఆస్పత్రిలో నాగవేణి మంచం పక్కన నిలబడితే హనుమక్క ముఖం గోడవైపు తిప్పుకుంది.

"వదినా..."

"నీ యంత్రం పిడుగును వినింది. నా కేక వినలేదు."

నాగవేణి బయటికొచ్చి వరండాలో గోడకానుకుని చాలాసేపు నిలబడింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. కళ్లు తుడుచుకుంటుండగా ఆ మాటే మళ్లీ చెవిలో మోగింది. నా కేక వినలేదు. ఎందుకు వినదు? గడ్డిపరక గొణుగుడు వినే ఫోను, పక్క గుట్ట మీది మరో ఫోను మాటని ఎందుకు వినదు? మధ్యలో టవరెందుకు?

ఆమె ఆస్పత్రి నుంచి నేరుగా దిల్షాద్ ఇంటికే వెళ్లింది. దిల్షాద్ విని, కూరగాయలు తరుగుతున్న కత్తిపీటని పక్కకి నెట్టేసింది.

"తాళం తీసినాక ఆ రేడియో మన మాట వింటాది కదా. వినమంటే వినింది. అరవమంటే అరస్తాది! ఇన్నాళ్లూ నాకు తట్టలేదు సూడు, నా తలకాయకి నెరిసిన వెంట్రుకలు దండగ!"

తర్వాత కొన్ని వారాలు ల్యాబు ఒక పందెంలా నడిచింది. ఒకరు రాసింది ఒకరు చెరపడం, ఇద్దరూ అరుచుకోవడం, అరగంటకి ఒకే డబ్బాలో తినడం. చివరికి ఒక ఉదయం దిల్షాద్ రాయదుర్గం కొండెక్కింది. నాగవేణి సిగ్నలే అందని ఒక వేరుశనగ చేలో నిలబడింది. మధ్యలో ఒక బావి గట్టు మీద మూడో ఫోను పెట్టి వచ్చారు, మాటని అందుకుని ముందుకు అందించడానికి. ఫోను గరగరమంది. గరగరలోంచి, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు లేచింది.

"వేణీ... ఉగ్గాణి తిన్యావా?"

నాగవేణి చేలో పడి దొర్లింది. కలుపు తీస్తున్న ఆడవాళ్లు ఈమెకి దయ్యం పట్టిందనుకున్నారు.

అన్నతో కలిసి వదిన దగ్గరికి ఆ ఫోను పట్టుకుపోయింది. హనుమక్క మంచం మీంచే దాన్ని చెవికి ఆనించుకుంది. వన్నూరప్ప ఊరవతలి గుట్టెక్కి "ఏమే, వింటాండావా?" అని పిలిచాడు. ఏ టవరూ లేకుండా మొగుడి గొంతు వినగానే హనుమక్క ఫోనుని ఇంకా గట్టిగా చెవికి అదుముకుంది. "మెల్లగా అరువు, నేనేం చెవిటిదాన్ని కాదు" అని మాత్రం అంది. ఆడబిడ్డకేసి చూసి కూర్చోమన్నట్టు మంచం అంచు తట్టింది.

ఆ సంగతి నిరంతరకి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. పిడుగు వినే ఫోన్లని వాళ్లు చిన్న తప్పుగా చూశారు. టవరు లేకుండా మాట్లాడే ఫోన్లు అనేసరికి హైదరాబాదు నుంచి కారు దిగింది. వచ్చినాయన పేరు అభిరామ్, కంపెనీలో పెద్ద స్థానం. బెదిరిస్తాడనుకుంటే, ప్రిన్సిపాల్ గదిలో లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"అద్భుతం కనిపెట్టారు మేడమ్. దీన్ని మాకివ్వండి. మా ప్రతి ఫోనులోనూ పెడతాం. ల్యాబు మీదే, పేరు మీదే. మీరిద్దరూ ఎంతమంది ఫోన్లు తెరవగలరు? మేం తలుచుకుంటే ఒక్క పూటలో దేశమంతా. కాల్స్ కూడా మామూలుగా వెళ్తాయి. ఎవరూ వంకల్లో పడి ఉండక్కర్లేదు."

ఆ చివరి మాట నాగవేణికి సూటిగా తగిలింది. వదిన సంగతి వాళ్లకి తెలుసన్నమాట. అభిరామ్ వెంట వచ్చి గోడపక్కన నిలబడ్డ ఎర్రిస్వామి ఆమె వంక ఆశగా చూశాడు. దిల్షాద్ నేలకేసి చూస్తోంది. వాళ్లకి ఇచ్చెయ్యాలనే ఉందని నాగవేణి సిగ్గుపడకుండా తనలో తాను ఒప్పుకుంది. దేశమంతా! ప్రతి గుట్ట మీదా, ప్రతి చేలోనూ!

"ఎలా పనిచేస్తుందో చూపిస్తారా?" అనడిగింది.

అభిరామ్ సంతోషంగా కొత్త ఫోను తీశాడు. ఫోను గొణుగుడు విని టవరుకి పంపుతుంది, టవరు కంపెనీ కేంద్రానికి పంపుతుంది, అక్కడి యంత్రాలు అది పిడుగో కాదో తేల్చి తిరిగి టవరు మీదుగా హెచ్చరిక పంపుతాయి. అంతా రెప్పపాటులో అయిపోతుంది.

"ప్లాను అయిపోతే?"

"హెచ్చరిక సేవ ప్లానులో భాగం కదా మేడమ్," అన్నాడు అతను, అదేం ప్రశ్న అన్నట్టు.

"ఫోనే సొంతంగా తేల్చుకుని అరవకూడదా? మాది అట్లే చేస్తుంది."

"దానికి రేడియో తాళం తీయాలి. తీస్తే మీరు చేసిందే అందరూ చేస్తారు. అది మాత్రం కుదరదు."

అప్పుడు గోడ దగ్గర నుంచి ఎర్రిస్వామి ముందుకొచ్చాడు.

"సార్, ఉరుములొస్తే ముందు పడుకునేది టవరే."

అభిరామ్ తల తిప్పాడు. "ఏమిటి?"

"కరెంటు పోతాది, లేదంటే పిడుగు దాని మీదే పడతాది. మా దిక్కు గుట్టల మీద వాన దినాల్లో నా ఉద్యోగమంతా పడుకున్న టవర్లను లేపడమే. మీ ఫోను టవరుని అడగల్ల అంటే, పిడుగు పడే ఘడియలో అది ఎవరినడుగుతాది?" అతను కిటికీలోంచి గుట్టల దిక్కు చూపించాడు. "జనం ఈ ఫోను చేతిలో ఉండాది కదా అని గుట్ట మీదే కూర్చుంటారు సార్. ఏమీ లేనోడు మబ్బుని చూసన్నా దిగుతాడు."

"మీరు మా ఉద్యోగి అని గుర్తుందా?"

"అందుకే చెప్తాండా సార్. బయటోడికి ఇది తెలియదు."

నాగవేణి భర్తని అట్లా ఎప్పుడూ చూడలేదు. సంతకానికని అభిరామ్ తన ముందు పెట్టిన ఒప్పందం కాగితాలని మెల్లగా అతని వైపే జరిపింది.

"క్షమించండి. మీదాంట్లో పెట్టుకోండి, మేం అడ్డం రాం. కానీ మాది మూసెయ్యం."

ఆ సాయంత్రమే నిరంతర మారిన ఫోన్లన్నిటినీ ఇటుకలు చేసే ఆదేశం ఇవ్వబోతోందని ఎర్రిస్వామి చెప్పాడు. ఆ ఆదేశం అతని చేతి మీదుగా పోవాలి. అతను ఆఫీసుకి పోయి తాళంచెవులు బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. వేరే ఊరి నుంచి మరో ఇంజనీరు వచ్చేదాకా కొంచెం సమయం దొరికింది. దిల్షాద్‌కి అంతే చాలు. తెరిచిన ఫోను పక్కనున్న మూసిన ఫోనుని, దాని యజమాని ఒప్పుకుంటే, తానే తెరిచేటట్టు రాసింది. టవరు పంపే ఇటుక ఆదేశం చేరకుండా, తెరిచిన ఫోను టవరుకి మొహమే చాటేసేటట్టు కూడా రాసింది. రాసి, చేతులు విరుచుకుని, "పో బిడ్డా, ఊళ్లు తిరిగిరా" అంటూ తన ఫోనుని వన్నూరప్ప ఫోను పక్కన పెట్టింది.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఎర్రిస్వామి ఉద్యోగం పోయింది. నాగవేణిని విచారణ తేలేదాకా కాలేజీకి రావద్దన్నారు. కంపెనీ ఇద్దరాడవాళ్ల మీదా కేసు వేసింది. "జైల్లో కంప్యూటర్ ఉంటాదా?" అని దిల్షాద్ వకీలునడిగిందట. ఇంట్లో కొన్ని రాత్రులు ఎవరికీ నిద్ర పట్టలేదు. అయినా ఎర్రిస్వామి ఒక్కసారి కూడా 'నీ వల్లే' అనలేదు. ఖాళీగా కూర్చోలేక తెరిచిన ఫోన్లకి దూరం పెంచే తీగలు చేయడం మొదలుపెట్టాడు.

మళ్లీ ఉరుముల కాలం వచ్చింది.

ఆ మధ్యాహ్నం నాగవేణి, ఎర్రిస్వామి కరిగానిపల్లిలో అన్న ఇంటి మిద్దె మీద ఉన్నారు. హనుమక్క ఇక గుట్ట ఎక్కలేదు. కాలు చాపుకుని గొడుగు నీడలో కూర్చుని, ఫోను ఒళ్లో పెట్టుకుని, మందలన్నిటికీ కబుర్లు చెప్పడం ఇప్పుడు ఆమె పని. వన్నూరప్ప దూరపు గుట్ట మీద ఉన్నాడు. ఆకాశం శుభ్రంగా ఉంది. ఒక్క మబ్బు తునక కూడా కనబడదు.

ఎర్రిస్వామి కొత్త తీగని కర్రకి కట్టి పైకెత్తాడు. నాగవేణి చేతిలోని తెర మీద తెరిచిన ఫోన్లు చుక్కలుగా వెలిగాయి. ఏ చుక్క ఎవరిదో ఆమెకి పేరుపేరునా తెలుసు. ఇది అన్నది, ఇది దిల్షాదక్కది, ఇది బావి గట్టుది. అంతలో తెర అంచున, తనకి తెలియని చోట ఒక చుక్క వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. పడమట, రాష్ట్రం దాటి కూడా, చీమలబారులా చుక్కలు.

"బావా, ఇవి ఎవరివి? మనం తెరవలేదు కదా ఇవి?"

అతను జవాబు చెప్పకముందే ఫోను గరగరమంది. ఒక ఆడగొంతు, ఎప్పుడూ వినని గొంతు, రొప్పుతూ పలికింది.

"ఎవరన్నా వింటాండారా? మాది మొలకాల్మూరు పక్క. మా మీద మబ్బు దిగింది, ఫోన్లన్నీ అరుస్తాండాయి. గాలి మీ దిక్కే తిరిగింది. మీకు కనపడేలోగా వచ్చేస్తాది. మందలుంటే దించుకోండి!"

హనుమక్క అప్పటికే ఫోను నోటి దగ్గర పెట్టుకుని మొగుణ్ని కేకేస్తోంది. నాగవేణి మాత్రం ఆ గొంతునే అడిగింది. "అమ్మా, నీ ఫోను ఎవరు తెరిచినారు?"

"మా మగ్గాల కాడ ఎవరిదో చూసి మా చెల్లెలు తెరిచింది. ఆమెకి ఎవరు తెరిచినారో నాకు తెల్దు. అదంతా ఎందుకిప్పుడు? మీకు తూర్పున ఎవరన్నా ఉంటే వాళ్లకి చెప్పండి!"

దూరపు గుట్ట మీద వన్నూరప్ప మంద కదిలి, తెల్లటి చారలా కిందికి జారడం మొదలైంది. నాగవేణి మిద్దె తూర్పు కొసకి పరుగెత్తింది. ఎర్రిస్వామి కర్ర ఎత్తి పట్టుకుని ఆమె వెనకే పరుగెత్తాడు. ఆ దిక్కున ఎవరున్నారో ఇద్దరికీ తెలియదు. ఆమె ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"తూర్పున ఉన్నవాళ్లారా, మబ్బు వస్తాంది. గుట్టల మీద ఉంటే దిగండి. ఎవరన్నా వింటాండారా?"

గరగర. తర్వాత ఎక్కడో ఒక ముసలాయన గొంతు "వింటాండాం" అంది. దాని వెనకే ఇంకెవరో ఆడమనిషి "వింటాండాం తల్లీ" అంది. ఆపైన ఒకరి మాట మీద ఒకరు, ఆమె లెక్క పెట్టలేనన్ని గొంతులు.